సీసా మీద ఆ రెండు అక్షరాలు చూశారా?

రేసు గెలిచిన డ్రైవర్ పోడియం ఎక్కి పెద్ద సీసాను గడగడా ఊపడం, నురగ పక్కవాళ్ల ముఖాన చిమ్మడం... ఈ సీన్ రీల్స్‌లో ఎన్నిసార్లు చూసుంటారో లెక్కుండదు. ఇప్పుడు మన సక్సెస్ మీట్లలోనూ, బర్త్‌డే పార్టీల్లోనూ అదే తంతు. లోపల ఉన్నది నిజంగా షాంపేనేనా, ఇంకేదైనా నురగ సీసానా అని ఎవరూ పట్టించుకోరు. బుస్సుమంటే చాలు, మనకది షాంపేనే.

ఈ అలవాటు మూలం వెతుక్కుంటూ పోతే ఫ్రాన్స్‌లో గ్యో అనే పల్లె తగులుతుంది. రాన్స్ నగరానికి పడమర వైపున ఉంటుంది. (స్పెల్లింగ్ చూసి చాలామంది రీమ్స్ అంటారు, అక్కడివాళ్లు పలికేది రాన్స్ అనే.) ఫ్రెంచ్‌లో 'గ్యో' అనే మాటకి బిచ్చగాళ్లు అని అర్థం. అలాంటి పేరున్న ఊరి పొలిమేర రోడ్ల మీద ఒకప్పుడు ఫార్ములా వన్ కార్లు పరిగెత్తాయి. 1950లో ఇక్కడ జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ గెలిచిన ఫాంజియో చేతికి షాంపేన్ సీసా ఇచ్చారు. ఊరు షాంపేన్ సీమలో ఉంది కదా, ఇంకేమిస్తారు! దాన్ని జనం మీద చిమ్మడం మాత్రం తర్వాత వచ్చింది, 1967లో లె మాన్స్ రేసు గెలిచిన అమెరికన్ డ్రైవర్ డాన్ గర్నీ పుణ్యమా అని. గ్యోలో ఫార్ములా వన్ పోటీలు 1966తోనే ఆగిపోయాయి. పాత గ్యాలరీలు, పిట్‌లు ఇప్పటికీ రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాయి.

మన కథ వాటి గురించి కాదు. అదే ఊళ్లో అయిదున్నర ఎకరాల ద్రాక్షతోట ఉన్న ఒక మనిషి గురించి. పేరు జెరోమ్ ప్రెవో.

అసలు విషయంలోకి వెళ్లేముందు చిన్న లెక్క చూద్దాం. షాంపేన్ అనేది డ్రింకు పేరు కంటే ముందు ఒక ప్రాంతం పేరు. పారిస్‌కి తూర్పున, కాస్త ఉత్తరంగా ఉంటుంది. అక్కడ సుమారు 34 వేల హెక్టార్లలో ద్రాక్ష సాగవుతోంది, మన లెక్కలో 84 వేల ఎకరాలు. చట్టం గీసిన గీత దాటి బయట ఎంత గొప్పగా చేసినా దానికా పేరు పెట్టడానికి వీల్లేదు. ఈ భూమిలో దాదాపు 90 శాతం చిన్న రైతులది. సుమారు 16 వేల మంది ఉంటారు. సగటున తలా రెండు హెక్టార్లు. అదీ ఒకేచోట ఉండదు. ఇక్కడో 30 సెంట్లు, కొండవాలులో ఇంకో చెక్క, పక్క ఊళ్లో మరోటి... అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలైపోయి ఉంటుంది.

మరి షాపుల్లో కనిపించేవి ఎవరి సీసాలు? మొయెట్, వ్యూవ్ క్లికో, క్రుగ్, రుయినార్, డోమ్ పెరిన్యోన్. ఈ అయిదూ ఒకే కంపెనీవి. లూయీ విటాన్ హ్యాండ్‌బ్యాగులు అమ్మే ఎల్‌వీఎంహెచ్ గ్రూపువి. ఇలాంటి పెద్ద ఇళ్లు (అక్కడ కంపెనీలను 'మెజోన్' అంటారు, ఇల్లు అని అర్థం) ఓ మూడొందల పైచిలుకు ఉన్నాయి. భూమిలో వాటి వాటా పదో వంతే అయినా, అమ్ముడయ్యే షాంపేన్‌లో 70 శాతానికి పైగా వాటి పేరు మీదే పోతుంది. పంట ఒకరిది, పేరు ఇంకొకరిది.

ఈ తేడా సీసా మీదే రాసి ఉంటుంది. కాకపోతే భూతద్దం పెట్టి చూడాలి. లేబుల్ అడుగున ఎక్కడో చీమ తలకాయంత అక్షరాలు రెండుంటాయి, పక్కన ఒక నంబరు. ఎన్‌ఎం అని ఉంటే ద్రాక్ష కొని వైన్ చేసే కంపెనీ. ఆర్‌ఎం అని ఉంటే తన తోటలో పండించిన ద్రాక్షతో తానే వైన్ చేసి తన పేరుతో అమ్మే రైతు. ఆయన బయట నుంచి కొనాలన్నా 5 శాతం దాటకూడదు. సీఎం అంటే ముఖ్యమంత్రి కాదండోయ్, సహకార సంఘం. ఆర్‌సీ అని ఉంటే జాగ్రత్త. రైతు తన ద్రాక్షను సంఘానికి పోసి, అక్కడ తయారైన సీసాలు తెచ్చుకుని తన పేరు అంటించుకున్నాడన్నమాట. అది మోసమేం కాదు, చట్టబద్ధమే. కానీ ఆ రుచి ఆయన చేతిది కాదు.

ఇక ప్రెవో దగ్గరికి వద్దాం. 1987లో, 21 ఏళ్ల వయసులో, నానమ్మ తరం నుంచి వచ్చిన ఈ తోట ఆయన చేతికొచ్చింది. రెండు హెక్టార్ల పైచిలుకు. పొలం పేరు లె బెగీన్. ఆ నేల తవ్వితే ఇసుక, బంకమట్టి, మధ్యలో గుల్లలు తగులుతాయి. సుమారు 4.5 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది, ఆ గుల్లలు అప్పటివి. తోటంతా దాదాపు ఒకటే రకం ద్రాక్ష, మ్యూనియే. ఫ్రెంచ్‌లో ఆ మాటకి పిండిమర నడిపేవాడు అని అర్థం. ఆకు కింది వైపు పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. షాంపేన్ సీమలో ఈ రకానికి పెద్ద గౌరవం ఉండేది కాదు. చిగుళ్లు ఆలస్యంగా వస్తాయి, మంచు దెబ్బను తట్టుకుంటుంది, నమ్మకంగా కాస్తుంది. అందుకే వేసేవాళ్లు. కానీ గొప్ప సీసాలకు షార్డోనే, పినో న్వార్ ఉండాలని, మ్యూనియే మిశ్రమంలో కలపడానికే పనికొస్తుందని లోకాభిప్రాయం. హీరో ఫ్రెండ్ పాత్రలాంటిది. సినిమా అంతా ఉంటుంది, పోస్టర్ మీద ఉండదు.

తోట చేతికొచ్చిన కుర్రాడు మొదట ఏం చేశాడు? చుట్టుపక్కల వేలమంది చేసేదే చేశాడు. ద్రాక్ష కోసి కంపెనీలకు అమ్మేశాడు. పదేళ్లపాటు.

ఇందులో తప్పు పట్టడానికేం లేదు. లెక్క వేసి చూడండి, మీరైనా అదే చేస్తారు. ఈమధ్య షాంపేన్ ద్రాక్ష కిలో ఏడు యూరోల దరిదాపుల్లో పలుకుతోంది. యూరో వంద రూపాయలనుకుంటే కిలో 700. హెక్టారుకు ఎంత కోయొచ్చో రైతులు, కంపెనీలు కలిసి కూర్చునే సంఘం ఏటా నిర్ణయిస్తుంది. 2024లో 10 వేల కిలోలు అన్నారు. అంటే రెండు హెక్టార్లకు 20 వేల కిలోలు, కోటీ 40 లక్షల రూపాయలు. ఖర్చులు పోనూ ఎంత మిగులుతుందనేది వేరే సంగతి. ముఖ్యమైన విషయం ఏంటంటే డబ్బు ఏడాది తిరిగేలోపు విడతలవారీగా చేతికొచ్చేస్తుంది. కోశాం, తూచాం, అమ్మాం, నిద్రపోయాం.

ఇప్పుడదే ద్రాక్షను సొంతంగా సీసాలో నింపాలనుకోండి. ఒక సీసాకి 1.2 కిలోల ద్రాక్ష పడుతుంది. అంటే సీసా, బిరడా, కరెంటు, కూలీ ఏదీ కలపకముందే లోపల 840 రూపాయల పండు ఉంది. గానుగ కావాలి. పీపాలో ట్యాంకులో కావాలి. నేలమాళిగ కావాలి. అన్నీ సమకూరాక చట్టం ఇంకో మాట అంటుంది: సీసాలో నింపాక కనీసం 15 నెలలు ఆగాలి. ఫలానా సంవత్సరం పంట అని లేబుల్ మీద వేసుకోవాలంటే మూడేళ్లు. మంచి రైతులు అంతకంటే ఎక్కువే ఆగుతారు. ఈలోపు రెండో పంట వస్తుంది, మూడోది వస్తుంది. అప్పు తెచ్చి మరీ మూడు పంటలు నేలమాళిగలో పేర్చుకుని, ఒక్క రూపాయి చూడకుండా కూర్చోవాలి. ఆ తర్వాత అమ్ముకునే పని. ప్రపంచమంతా హోర్డింగులున్న బ్రాండ్ పక్కన, తన ఊరివాళ్లకే సరిగా తెలియని తన పేరు పెట్టి అమ్మాలి.

కాబట్టి 'రైతు తన పంటకి తన పేరు పెట్టుకున్నాడు' అని మనం ముచ్చటగా చెప్పుకునే మాట వెనక బ్యాంకు వాయిదాలు, ఇంట్లో గొడవలు చాలానే ఉంటాయి.

ఎవరూ సరదాకి దిగలేదు కూడా. చాలా కుటుంబాలు గతిలేకే సీసాలు నింపడం మొదలుపెట్టాయి. 1930ల ఆర్థిక మాంద్యంలో కంపెనీలు ద్రాక్ష కొనడం మానేశాయి. కుళ్లబెట్టుకోలేక కొందరు రైతులు సొంతంగా వైన్ చేసుకున్నారు. ఇప్పుడు పేరు మోసిన కొన్ని రైతు కుటుంబాల మొదటి సీసాలు ఆ రోజులవే.

అంతకంటే ముందు ఇంకో పెద్ద గొడవ జరిగింది. 1911 నాటిది. అప్పటికే ఫిలోక్సెరా అనే పురుగు తోటల వేళ్లు తినేస్తోంది. 1910లో వానలు, తెగుళ్లతో పంట దాదాపు సున్నా. రైతుల కడుపు మండుతోంటే, కొన్ని కంపెనీలు మాత్రం బయటి ప్రాంతాల నుంచి చవక వైన్ రైళ్లలో తెప్పించి షాంపేన్ అని అమ్ముకుంటున్నాయి. 1911 జనవరిలో డామ్రీ, ఓవిలే ఊళ్ల రైతులు ఆ సరుకును అడ్డగించి మార్న్ నదిలో పారబోశారు. ఏప్రిల్‌లో ఆయీ అనే ఊళ్లో కంపెనీల భవనాలకు నిప్పు పెట్టారు. వీధుల్లో వైన్ పారింది. సైన్యం దిగింది. ఏది షాంపేన్, ఏది కాదు అన్న హద్దులు చివరికి 1927 చట్టంతో తేలాయి. ఇవాళ 'షాంపేన్ అనే పేరు మాదే, ఇంకెవరూ వాడకూడదు' అని కంపెనీలు ప్రపంచమంతా కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి కదా. ఆ పేరు కోసం మొదట రోడ్డెక్కినవాళ్లు ద్రాక్ష రైతులు.

సరే, ప్రెవో పదేళ్లు ద్రాక్ష అమ్ముకున్నాడని చెప్పుకున్నాం. ఆ తర్వాత ఆయన జీవితంలోకి ఆన్సెల్మ్ సెలోస్ వచ్చాడు.

సెలోస్‌ది అవీజ్ అనే ఊరు. చదివింది బర్గండీలో. అక్కడ ఒక్కో పొలానికీ ఒక్కో రుచి అని నమ్ముతారు, ఈ గట్టు వైన్ వేరు, ఆ గట్టు వైన్ వేరు. ఆయన 1980 ప్రాంతంలో తండ్రి తోటను చేతుల్లోకి తీసుకునేటప్పటికి షాంపేన్‌లో పద్ధతి దీనికి పూర్తిగా రివర్స్. పొలాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎక్కువ కాయించడం, కంపెనీకి తోలడం, అక్కడ వందల ఊళ్ల వైన్లు కలిపేయడం. మిగతాది నేలమాళిగలో చూసుకుంటారు. ఎంతదాకా వెళ్లిందంటే, పారిస్ నగరం చెత్తను తెచ్చి తోటల్లో ఎరువుగా చల్లేవాళ్లు. 1990ల దాకా ఇది నడిచింది. కుళ్లేది కుళ్లింది, ప్లాస్టిక్ మిగిలింది. కోటి రూపాయలు పలికే చెక్కల్లో నడుస్తుంటే కాళ్ల కింద నీలం రంగు ప్లాస్టిక్ ముక్కలు, గాజు పెంకులు ఇప్పటికీ కనిపిస్తాయి.

సెలోస్ రసాయనాలు మానేశాడు. దిగుబడి తగ్గించుకున్నాడు. పొలంలోంచి వచ్చిన ఈస్ట్‌తోనే పులియబెట్టాడు, అదీ చెక్క పీపాల్లో. ఊరివాళ్లు పిచ్చోడన్నా ఆశ్చర్యం లేదు. 1994లో గో-మియో అనే ప్రసిద్ధ గైడు ఆయన్ని ఫ్రాన్స్ మొత్తంలో ఉత్తమ వైన్ తయారీదారుగా ఎంపిక చేసింది. బోర్డో, బర్గండీ మహానుభావులందరినీ పక్కన పెట్టి, ఒక షాంపేన్ రైతుని! ఆయన వైన్ అందరికీ నచ్చుతుందని మాత్రం అనుకోకండి. వేయించిన గింజల వాసన, కాస్త షెర్రీ ధోరణి. మొదటి గుక్కకే దండం పెట్టేవాళ్లున్నారు, ఇది పాడైపోయిందేమో అని వెయిటర్‌ని పిలిచేవాళ్లూ ఉన్నారు.

ప్రెవోని 'నీ ద్రాక్షతో నువ్వే చెయ్' అని ముందుకు తోసింది ఈయనే. గానుగ లేదు, నేలమాళిగ లేదంటే, అవీజ్‌లో తన దగ్గరే చోటిచ్చాడు. 1998 పంటతో మొదటి వైన్ తయారైంది. కొన్నేళ్ల తర్వాత ప్రెవో మకాం సొంత ఊరికి మార్చుకున్నాడు. సీసాకి పెట్టిన పేరు లా క్లోజరీ, లె బెగీన్. ఒకటే పొలం, దాదాపు ఒకటే రకం ద్రాక్ష, ఒకటే ఏడాది పంట. చుట్టూ ఉన్నవాళ్లు ఎన్నో ఊళ్లవి, ఎన్నో రకాలవి, ఎన్నో ఏళ్లవి కలిపి చేస్తున్నచోట ఈయన ఏదీ కలపనన్నాడు. అదీ ఎవరూ గౌరవించని మ్యూనియేతో. ఫ్రెండ్ పాత్రధారిని తెచ్చి సోలో హీరోని చేశాడు. సినిమా ఆడింది.

ఇక్కడ పెద్ద కంపెనీల వైపు నుంచి కూడా ఓ మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. కలపడం అంటే కల్తీ కాదు. ఏ ఏడాది కొన్నా, ఏ దేశంలో కొన్నా ఒకటే రుచి రావాలంటే ఆ పని చేసేవాళ్లకి అసాధారణమైన నాలుక ఉండాలి. కోట్ల సీసాలకు ఒకే రుచి తేవడం మాటలు కాదు. తేడా ఎలా ఉంటుందంటే, కంపెనీ ఆవకాయ ఎప్పుడు కొన్నా ఒకేలా ఉంటుంది. ఇంటి ఆవకాయ ఆ ఏడు కాయను బట్టి, కారాన్ని బట్టి, కలిపిన చేతిని బట్టి మారుతుంది. ఒక్కో ఏడు తప్పుతుంది కూడా. నాకు ఆ తప్పే అవకాశం ఉన్నదంటేనే ఇష్టం, అది నా గోల.

బుడగలు ఎలా వస్తాయో కూడా చెప్పేసుకుందాం. సెప్టెంబరు అటూ ఇటూగా చేత్తోనే కోస్తారు, యంత్రంతో కోయడం నిషేధం. ఒక దఫా గానుగకి 4,000 కిలోలు వేస్తే 2,550 లీటర్ల రసం మించి తీయకూడదు. అది పులిసి మామూలు వైన్ అయ్యాక సీసాలో పోసి, కొంచెం చక్కెర, కొంచెం ఈస్ట్ వేసి మూత బిగిస్తారు. లోపల మళ్లీ పులుస్తుంది. గ్యాస్ బయటికి పోయే దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. ఆ ఒత్తిడి ఆరు అట్మాస్ఫియర్లదాకా ఉంటుంది, మీ కారు టైరులో ఉండేదానికి రెండింతలు, మూడింతలు. పని అయిపోయిన ఈస్ట్ అడుగున మడ్డిలా పేరుకుంటుంది. నెలల తరబడి ఆ మడ్డి మీద ఉండటం వల్లే కాల్చిన రొట్టె లాంటి వాసన వస్తుంది. తర్వాత సీసాను రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ తలకిందులు చేస్తే మడ్డంతా మెడలోకి జారుతుంది. చేత్తో అయితే ఆరు వారాలు, యంత్రంతో అయితే ఓ వారం. మెడ భాగాన్ని గడ్డకట్టించి మూత తీస్తే మడ్డి ముక్క ఎగిరి బయట పడుతుంది. ఖాళీ అయినంత మేర వైన్, కాస్త చక్కెర కలిపి బిరడా కొడతారు. ఆ చక్కెర ఎంతన్నదే 'బ్రూట్', 'ఎక్స్‌ట్రా బ్రూట్' అనే మాటలకు అర్థం. లీటరుకు 12 గ్రాముల లోపుంటే బ్రూట్, ఆరు గ్రాముల లోపుంటే ఎక్స్‌ట్రా బ్రూట్. పుల్లటి ద్రాక్షను చక్కెరతో కప్పిపుచ్చాల్సిన అవసరం లేనివాళ్లు తక్కువ వేస్తారు. రైతు సీసాల్లో ఎక్స్‌ట్రా బ్రూట్ ఎక్కువగా కనిపించడానికి అదో కారణం.

ఇంతవరకూ చదివి 'ఆర్‌ఎం అంటే మంచిది, ఎన్‌ఎం అంటే చెడ్డది' అని ఫిక్సయిపోకండి. ఆర్‌ఎం అని రాసి ఉన్న నాసిరకం షాంపేన్ బోలెడుంది. ఆ అక్షరాలు ఎవరు చేశారో చెబుతాయి, ఎలా చేశారో చెప్పవు. ఇంకో సంగతి, రైతు సీసా అంటే చవక అనుకుంటే సెలోస్, ప్రెవోల ధర చూశాక ఆ భ్రమ పోతుంది. సీసాలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. కొని దాచి, రెండింతలకు అమ్ముకునే బ్యాచ్ అక్కడా తయారైంది. రైతు దగ్గర మామూలు ధరకు బయల్దేరిన సీసా ఎక్కడో న్యూయార్క్ రెస్టారెంట్ మెనూలో కొండెక్కి కూర్చుంటుంది. ఆ తేడా డబ్బు రైతుకి రాదు.

రైతులే చేతులారా కోసుకుంటారని కూడా ఊహించుకోవద్దు. కోతలకు ఏటా లక్ష మందికి పైగా కూలీలు దిగుతారు. 2023 సెప్టెంబరులో ఎండలు మండుతుంటే కోతల్లో కొందరు కూలీలు చనిపోయారు. అదే సీజన్‌లో పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లను పాడుబడిన కొంపలో కుక్కి, సరైన తిండీ జీతమూ లేకుండా పనిచేయించిన సంగతి అధికారులకు దొరికింది. షాలోన్ కోర్టు 2025 జులైలో ముగ్గురికి మనుషుల అక్రమ రవాణా నేరం కింద శిక్ష వేసింది. బాధితులు 50 మందికి పైనే. మధ్యలో ఉన్నది కూలీలను సప్లై చేసే సంస్థ. పాలమూరు లేబర్, మేస్త్రీల అడ్వాన్సులు తెలిసినవాళ్లకు ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. చిన్న రైతు దగ్గర పని బాగుంటుందనే గ్యారంటీ కూడా లేదు. కాకపోతే అయిదెకరాల తోటలో ఎవరు కోస్తున్నారో యజమానికి ముఖం చూస్తే తెలుస్తుంది, నాకు తెలియదని తప్పించుకోలేడు.

అసలు పోటు ఇంకోచోట ఉంది. షాంపేన్‌లో ద్రాక్షతోట హెక్టారు ధర సగటున పది లక్షల యూరోలకు అటూ ఇటూ. మన లెక్కలో ఎకరం నాలుగు కోట్లు. తండ్రి పోతే పిల్లలందరికీ సమాన వాటా ఇవ్వాలన్నది నెపోలియన్ కాలం నుంచి ఫ్రాన్స్‌లో ఉన్న చట్టం. వారసత్వపు పన్ను ఆ కోట్ల ధర మీద లెక్క కడతారు, ఆ తోట మీద వచ్చే ఆదాయం మీద కాదు. ముగ్గురు పిల్లల్లో ఒకరికే వైన్ చేయాలని ఉందనుకోండి. మిగతా ఇద్దరి వాటా కొనాలి, పన్ను కట్టాలి, మూడేళ్ల పంటలు నేలమాళిగలో ఉంచాలి. డబ్బెక్కడిది? అదే సమయానికి పెద్ద కంపెనీ మనిషి వచ్చి తలుపు తడతాడు, మంచి ధరతో. తోట అమ్మక్కర్లేదు, ద్రాక్ష ఇస్తామని కాంట్రాక్టు రాసిచ్చినా చాలంటాడు. కాదనడానికి కారణం వెతుక్కోవాలి. అందుకే ఒకపక్క రైతు షాంపేన్‌కి రెస్టారెంట్లలో క్రేజ్ పెరుగుతున్నా, రైతులు సొంత పేరుతో అమ్ముకునే సీసాల మొత్తం మాత్రం ఏళ్లుగా తగ్గుతూ వస్తోంది. ప్రపంచంలో పేరు తెచ్చుకున్నవాళ్లు కొన్ని వందల మంది. మిగతావాళ్లు ఫ్రాన్స్‌లోనే ఇంటికొచ్చే పాత కస్టమర్లకు కారు డిక్కీలో పెట్టి పంపేవాళ్లు. ఆ కస్టమర్లు ముసలివాళ్లవుతున్నారు.

2021 లాంటి ఏడాది తగిలితే మరీ కష్టం. ఏప్రిల్‌లో మంచు, ఎండాకాలమంతా వానలు, బూజు తెగులు. మందులు కొట్టకుండా సాగుచేసేవాళ్లలో చాలామందికి పంట చేతికి రాలేదు. వంద ఊళ్ల నుంచి కొనే కంపెనీకి ఒక ఊళ్లో పోయినా ఇంకో ఊళ్లో ఉంటుంది. ఉన్నదంతా ఒక్క పొలమే అయినవాడికి అలా కుదరదు.

మన దగ్గర ఈ సీసాలు దొరకడం కష్టం. దిగుమతి వైన్ మీద మన దేశం ఏళ్ల తరబడి 150 శాతం సుంకం వేసింది, ఆపైన రాష్ట్రాల పన్నులు. అంత భారం మోసి ఇక్కడికి వచ్చేవి సహజంగానే అందరికీ తెలిసిన పేర్లే. ఎయిర్‌పోర్టు డ్యూటీఫ్రీల్లోనూ పెద్ద ఇళ్లవే వరుసగా ఉంటాయి. డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉన్న మనవాళ్లకి కొంచెం సులువు. అమెరికాకి టెర్రీ థీస్ అనే దిగుమతిదారు 1990ల నుంచి ఈ రైతు సీసాలు తెప్పించి, జనానికి పరిచయం చేశాడు. సూపర్ మార్కెట్‌లో వెతక్కండి, వైన్ మాత్రమే అమ్మే చిన్న షాపుకెళ్లి 'గ్రోయర్ షాంపేన్' అని అడగండి. మొదటిసారే సెలోస్ జోలికి పోవద్దు, జేబుకీ నాలుకకీ రెండింటికీ దెబ్బే. ఊరు పేరు, ఆర్‌ఎం చూసి, పెద్ద కంపెనీ మామూలు సీసా ధరలోనే వచ్చేది ఒకటి ఎంచుకోండి. వెనక లేబుల్ తిప్పి చూడండి. ఏ ఏడాది పంట ఎంత కలిపారు, మడ్డి ఎప్పుడు తీశారు, చక్కెర ఎన్ని గ్రాములు అని రాసిన రైతు అంటే దాచుకునేది తక్కువున్న రైతు. అక్కడ పంట వివరాలకు బదులు 'వేడుకల క్షణాలు' లాంటి కవిత్వం ఉంటే పక్కన పెట్టేయండి.

తీసేటప్పుడు ఊపొద్దు, లోపల ఒత్తిడి ఎంతో ఇందాక చెప్పుకున్నాం. ఎవరి వైపూ గురిపెట్టొద్దు, కళ్లు పోయినవాళ్లున్నారు. బిరడాను గట్టిగా పట్టుకుని సీసాను తిప్పాలి, 'ఉష్' అని చిన్న శబ్దంతో రావాలి. పొడుగాటి సన్న గ్లాసు కంటే మామూలు వైన్ గ్లాసే నయం, వాసన తెలుస్తుంది. మరీ గడ్డకట్టేంత చల్లగా ఉంటే ఏ పొలమైనా ఒకటే రుచి.

ఎక్కడైనా ప్రెవో సీసా కంటపడితే (కొనక్కర్లేదు, చూడటానికి ఫ్రీనే) ముందు వైపు కింద ఎల్‌సీ అని, పక్కన రెండంకెలు కనిపిస్తాయి. ఎల్‌సీ అంటే లా క్లోజరీ. ఆ అంకెలు పంట ఏడాది. మూడేళ్లు ఆగకుండా అమ్మే వైన్ మీద చట్టప్రకారం సంవత్సరం వేయకూడదు. అందుకని ఆయన దాన్ని లాట్ నంబరులా వేసుకున్నాడు.